తారీఖు దాటిన సర్టిఫికెట్టు: నొక్కాలా, మానాలా?

1565లో రాక్షస తంగడి యుద్ధం తరవాత తిరుమలరాయలు విజయనగరం వదిలి పెనుకొండ చేరాడు. ఆయన పేరుతో ముద్రపడిన వరహాల్లో సీతారాములు కూర్చుని ఉంటారు, లక్ష్మణుడు పక్కన నిలబడి ఉంటాడు. వెనకవైపు నాగరి లిపిలో రాజు పేరు. నిండు వరహా దాదాపు 3.4 గ్రాములు తూగుతుంది, అర వరహా అందులో సగం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు ఈ నాణేల పిచ్చి ఉన్నవాళ్లు కొందరున్నారు. బడిపంతుళ్లు, పట్టుచీరల వ్యాపారులు, 2019లో ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి కార్లు రావడం మొదలయ్యాక షిఫ్టు ఉద్యోగాలకొచ్చి, సెలవురోజున పాత సామాన్ల అంగళ్లు తిరిగే కుర్రాళ్లు. చిన్న బంగారు బిళ్ల ఫొటో ఒకటి వాట్సాప్‌లో వస్తే వాళ్లడిగే మొదటి ప్రశ్న ఒకటే: ముద్ర కొట్టిందా, పోత పోసిందా? (పొలం దున్నుతుంటే దొరికిందంటే మాత్రం ముందు అడగాల్సింది వేరే ఉంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పారా అని.)

తేల్చుకోవడానికి మ్యూజియం దాకా ఎవరూ పోరు. ఫోను తీస్తారు. ప్రపంచంలో ఏదో మూల ఒక రిటైరైన మనిషి ఏళ్ల తరబడి బొమ్మలు, తూకాలు, లిపి పాఠాలు పోగుచేసి పెట్టిన సైటు తెరుస్తారు. నాణెం బొమ్మ రావాల్సిన చోట ఎర్ర త్రికోణం వస్తుంది. ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అని పెద్దక్షరాలు. కింద ఎక్కడో బూడిదరంగులో ‘సెర్ట్ డేట్ ఇన్‌వాలిడ్’ అని చిన్నక్షరాలు. అంతే, గ్రూపులో ప్రశ్న పడుతుంది: “అన్నా, నొక్కేయొచ్చా?”

నాణేల వాళ్లకే కాదు, శాసనాలు చదివేవాళ్లకు, పాత స్కూటర్ల వైరింగ్ పటాలు వెతికేవాళ్లకు, రైలు ఇంజన్ల నంబర్లు రాసుకునేవాళ్లకు కూడా ఎదురయ్యే ప్రశ్నే ఇది. జవాబులు రెండు రకాలుగా చెలామణిలో ఉన్నాయి. కంప్యూటరు తెలిసినవాళ్లు “ఎర్ర తెర వస్తే వెనక్కి రా, చర్చ లేదు” అంటారు. బాగా తెలిసినవాళ్లు “ఏం కాదు, అడ్వాన్స్‌డ్ నొక్కి పో” అంటారు. రెండూ సగం సగం నిజాలే. ఒక అభిరుచి సైటు విషయంలో తారీఖు దాటిన సర్టిఫికెట్టు దొంగను పట్టిచ్చే సందర్భాలు తక్కువ. అది ఎక్కువగా చెప్పే కబురు, ఆ సైటు యజమాని గురించి. ఆ కబురు చదవడం ఎవరూ నేర్పరు.

సర్టిఫికెట్టులో ఉండేది చాలా కొంచెం. ఫలానా పేరుగల సైటుకు ఫలానా తాళంచెవి సొంతం, ఈ తారీఖు నుంచి ఈ తారీఖు వరకు నేను హామీ అని ఒక సంస్థ సంతకం పెట్టి ఇస్తుంది. బ్రౌజరు ముఖ్యంగా మూడు సంగతులు చూస్తుంది. పేరు కలిసిందా? సంతకం పెట్టిన సంస్థ తన నమ్మకస్తుల జాబితాలో ఉందా? ఇవాళ్టి తారీఖు గడువు లోపల ఉందా? మూడింట్లో ఏది తప్పినా వచ్చే తెర ఒకటే. 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీ ఆపితే ఎఫ్‌సీ నిన్నటితో అయిపోయిందని తేలడం ఒక కేసు, నంబరు ప్లేటు వేరే బండిదని తేలడం ఇంకో కేసు, ఆర్‌సీ మీద సంతకం ఎవరిదో ఏ ఆర్‌టీఓకూ తెలియకపోవడం మరో కేసు. బ్రౌజరు మూడింటికీ ఒకే చలానా రాస్తుంది. తేడా తెలియాలంటే ఆ బూడిదరంగు చిన్నక్షరాలే దిక్కు. ‘డేట్ ఇన్‌వాలిడ్’ అంటే తారీఖు తంటా. ‘కామన్ నేమ్ ఇన్‌వాలిడ్’ అంటే పేరు తేడా. ‘అథారిటీ ఇన్‌వాలిడ్’ అంటే సంతకం పెట్టినవాణ్ణి మన ఫోను ఎరగదు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం మొదటి రకం గురించే. మిగతా రెండు వస్తే నాణెం సంగతి తరవాత చూసుకోవచ్చు.

తారీఖు దాటిన మర్నాడు ఎన్‌క్రిప్షన్ ఆగిపోదు. నిన్నటి తాళమే ఇవాళా పడుతుంది, నిన్నటి లెక్కలే ఇవాళా పనిచేస్తాయి. మరి గడువు ఎందుకు పెట్టారంటే, సర్టిఫికెట్టును మధ్యలో రద్దుచేసే ఏర్పాటు కాగితం మీద ఉన్నంత గట్టిగా ఆచరణలో ఎన్నడూ లేదు. తాళంచెవి దొంగల పాలైనా, డొమైన్ పేరు చేతులు మారినా, ఆ సంగతి కోట్ల ఫోన్లకు చేర్చడం కష్టం. అందుకని కాలమే రద్దు చేసేలా చూశారు. ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. గడువు తీరిన సర్టిఫికెట్ల రద్దు సమాచారాన్ని జారీచేసిన సంస్థలు ఆ తరవాత కొనసాగించాల్సిన పనిలేదు. అంటే గడువు లోపలే రద్దయిన సర్టిఫికెట్టు ఏదైనా ఉంటే, గడువు దాటాక అది మామూలుగా కాలం తీరిన దానిలాగే కనిపించవచ్చు. “తారీఖే కదా” అనే వాదనలో ఉన్న చిన్న చిల్లు ఇదే. వారం కింద గడువు తీరిన సైటుకు ఈ చిల్లు పెద్దది కాదు. రెండేళ్ల కింద తీరినదానికి పెద్దదే.

గడువులు కూడా కుదించుకుంటూ వచ్చారు. ఒకప్పుడు ఐదేళ్ల సర్టిఫికెట్టు దొరికేది. 2015లో 39 నెలలైంది, 2018లో 825 రోజులు, 2020 సెప్టెంబరు నుంచి 398 రోజులు. 2025 ఏప్రిల్‌లో బ్రౌజరు కంపెనీలు, సర్టిఫికెట్ సంస్థలు కలిసి కూర్చునే వేదిక ఇంకా కుదించడానికి ఓటు వేసింది. ఆ నిర్ణయం ప్రకారం 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47 రోజులు. యంత్రం దానంతటది మార్చుకుంటే 47 రోజులైనా భారం లేదు. చేత్తో మార్చుకునే మనిషికి అది పొయ్యి మీద పాలు పెట్టినట్టే.

మన దగ్గర ఈ ఎర్ర తెర భయం తక్కువ. దానికి కారణం జనం మొండితనం అనుకుంటే పొరపాటు, అలవాటు చేసింది వ్యవస్థలే. 2000 నాటి ఐటీ చట్టం కింద మన దేశానికి కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్ ఏర్పడింది. దాని కింద నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ వంటి సంస్థలు సర్టిఫికెట్లు ఇచ్చేవి. వాటన్నిటికీ మూలమైన కంట్రోలర్ వేరు (రూట్) సర్టిఫికెట్టు మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండేది, ఫైర్‌ఫాక్స్ జాబితాలో లేదు. కాబట్టి అదే వంశానికి చెందిన సర్టిఫికెట్టున్న ప్రభుత్వ సైటు విండోస్‌లో ఒక బ్రౌజరులో సాఫీగా తెరుచుకునేది, పక్కనే ఫైర్‌ఫాక్స్‌లో ఎర్రబడేది. ఏ పాపం ఎరగని గుమాస్తా “ఎక్సెప్షన్ యాడ్ చేసుకోండి సార్” అని నేర్పేవాడు. 2014 జులై 2న గూగుల్ ఒక సంగతి కనిపెట్టింది. తన డొమైన్ల పేర్లమీదే, తన అనుమతి లేని సర్టిఫికెట్లు నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సంతకంతో బయట తిరుగుతున్నాయి. మర్నాడే కంట్రోలర్, ఆ సెంటరుకు సంతకం అధికారమిచ్చిన మధ్యంతర సర్టిఫికెట్లను రద్దుచేశారు. తరవాత గూగుల్ ఆ భారతీయ వేరును కొన్ని డొమైన్లకే, ముఖ్యంగా ప్రభుత్వ, విద్యాసంస్థల డొమైన్లకే పరిమితం చేస్తామంది. మనవాళ్లను ఏళ్ల తరబడి విసిగించిన ఫైర్‌ఫాక్స్, ఆ వేరును మొదటినుంచీ నమ్మలేదు గనక ఈ గొడవలో ఇరుక్కోలేదు.

జీఎస్‌టీ రిటర్నులు వేసే హిందూపురం ప్రాక్టీషనర్లను అడగండి. డిజిటల్ సంతకం పెట్టే చిన్న ప్రోగ్రాము మొరాయిస్తే వాళ్లు చేసే మొదటి పని బ్రౌజరులో 127.0.0.1:1585 కొట్టి, ఎర్ర తెర మీద అడ్వాన్స్‌డ్, ప్రొసీడ్ నొక్కడం. అది వాళ్ల సొంత కంప్యూటరే కాబట్టి అక్కడ నష్టం లేదు. కానీ వేలికి ఆ వరస అలవాటైపోయింది. రైల్వే స్టేషను వైఫై కూడా అంతే. లాగిన్ పేజీ రాకముందే ఏ సైటు కొట్టినా మధ్యలో వైఫై పెట్టె అడ్డొచ్చి తన ముఖం చూపిస్తుంది. పేరు కలవదు, తెర ఎర్రబడుతుంది. సైటులో తప్పేమీ లేదు, లాగిన్ అయ్యాక మళ్లీ తెరిస్తే సరిపోతుంది. పెద్ద ఆఫీసుల నెట్‌వర్కుల్లో ఉద్యోగుల ట్రాఫిక్‌ను తెరిచి చూసే పరికరాలు ఉంటాయి. వాటి సర్టిఫికెట్టు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ముందే వేసి ఉంటుంది, సొంత ఫోనులో ఉండదు. డ్యూటీలో ఎర్రబడిన నాణేల సైటు ఇంటి డేటా మీద పచ్చగా ఉండడానికి అది ఒక కారణం.

పరిశోధనలు ఏమన్నాయో కూడా చూద్దాం. 2009లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు హెచ్చరికల మీద ఒక అధ్యయనం చేసి, దానికి మనం ‘నాన్నా పులి’ అనే కథ పేరే పెట్టారు. హెచ్చరికలు ఎక్కువసార్లు ఉత్తుత్తివే కావడంతో జనం వాటిని చదవడమే మానేశారన్నది దాని సారం. 2013లో దేవదత్త అఖావే, ఏడ్రియన్ పోర్టర్ ఫెల్ట్ కోట్ల సంఖ్యలో హెచ్చరికల రికార్డులు చూశారు. సర్టిఫికెట్ హెచ్చరిక వచ్చినప్పుడు క్రోమ్ వాడేవాళ్లలో 70.2 శాతం సందర్భాల్లో ముందుకు నొక్కారు, ఫైర్‌ఫాక్స్‌లో 33 శాతం. మనుషుల స్వభావం రెండుచోట్లా ఒకటే, తెర కట్టిన తీరు వేరు. ఆ తరవాతే క్రోమ్ ‘ప్రొసీడ్’ను అడ్వాన్స్‌డ్ వెనక దాచింది. 2017లో గూగుల్ వాళ్లే ఇంకో అధ్యయనంలో ఈ తప్పులు ఎక్కణ్ణించి పుడుతున్నాయో వెతికితే, సగానికి పైగా సైటు తప్పులే కావు, వాడేవాడి పరికరంలోనో మధ్యలో నెట్‌వర్కులోనో పుట్టినవని తేలింది. అందులో తప్పు తారీఖు చూపించే గడియారాలు ఒక ముఖ్య కారణం. కాబట్టి ఎర్ర తెర రాగానే చూడాల్సిన మొదటి తారీఖు సైటుది కాదు, మన ఫోనుది. బ్యాటరీ పూర్తిగా దిగి, మళ్లీ లేచిన పాత ఫోను తాను ఏ పదేళ్ల కిందటో ఉన్నానని నమ్ముతూ ఉంటే దానికి ప్రపంచంలో ఏ సైటూ నచ్చదు.

ఇదే గడియారాన్ని దొడ్డిదారిగా వాడేవాళ్లూ ఉన్నారు. సర్టిఫికెట్టు మార్చి 10న తీరిపోతే ఫోను తారీఖు మార్చి 9కి తిప్పితే సరి, సైటు తెరుచుకుంటుంది. పని జరిగిన మాట నిజం. కానీ ఆ తరవాత కొత్తగా సర్టిఫికెట్లు తెచ్చుకున్న సైట్లన్నీ ‘ఇంకా మొదలు కాలేదు’ అని ఎర్రబడతాయి, వాట్సాప్ తారీఖు సరిచేయమని మొండికేస్తుంది, అర నిమిషానికోసారి మారే ఆథెంటికేటరు కోడ్లు కలవవు. పైగా అన్ని సైట్ల తారీఖు తనిఖీనీ ఒకేసారి పడుకోబెట్టినట్టవుతుంది. ఒక గదిలోకి వెళ్లడానికి ఇంటి తలుపులన్నీ తీసి పెట్టడం ఎందుకు? ఈ దారి వద్దు.

చిరునామాలో ‘హెచ్‌టీటీపీఎస్’లో చివరి ‘ఎస్’ తీసేయడం ఇంకో దారి. సైటు ఒప్పుకుంటే ఎర్ర తెర లేకుండానే పేజీ వస్తుంది, మూలన ‘నాట్ సెక్యూర్’ అనే చిన్న మాట మాత్రం ఉంటుంది. ఇక్కడొక విడ్డూరం ఉంది. గడువు తీరిన తాళం కన్నా తాళమే లేకపోవడం ఎక్కువ ప్రమాదం. అయినా బ్రౌజరు మొదటిదానికి నిండు తెర హెచ్చరిక చూపిస్తుంది, రెండోదానికి ఒక చిన్న మాటతో సరిపెడుతుంది. వాళ్ల లెక్క వాళ్లకుంది. తాళం ఉందని మాట ఇచ్చి తప్పినవాణ్ణి గట్టిగా పట్టుకోవాలన్నది ఆ లెక్క. చదివేవాడికి మాత్రం తలకిందులు సలహా అందుతుంది.

“నాణెం బొమ్మ చూడ్డానికి తాళమెందుకు?” అనేవాళ్లకు 2015 జూన్‌లో బెంగళూరులో జరిగింది గుర్తుచేయాలి. తేజేశ్ జీఎన్ అనే ప్రోగ్రామరు తన సొంత సైటును ఎయిర్‌టెల్ మొబైల్ నెట్ మీద తెరిస్తే, తాను రాయని కోడ్ అందులో కనిపించింది. తాళం లేని పేజీలోకి దారిమధ్యలో ఎవరో చొప్పించారు. ఆ సంగతి సాక్ష్యాలతో బయటపెడితే, కోడ్ తయారుచేసిన ఇజ్రాయెల్ కంపెనీ ఫ్లాష్ నెట్‌వర్క్స్ నుంచి ఆయనకు లాయరు నోటీసు వచ్చింది. వినియోగదారులు తమ డేటా వాడకం తెలుసుకోవడానికి చేసిన ప్రయోగమని ఎయిర్‌టెల్ చెప్పుకుంది. అక్కడ చొప్పించింది లెక్కల కోడ్. చొప్పించగలిగినవాడు ఏదైనా చొప్పించగలడు. అందుకే చదువుకునే పేజీకి కూడా తాళం అక్కరలేదనే వాదన నిలవదు.

2011లో డచ్ సంస్థ డిజినోటార్‌లోకి దొంగలు చొరబడి 500కు పైగా దొంగ సర్టిఫికెట్లు తయారుచేసుకున్నారు. ఇరాన్‌లో జీమెయిల్ చదువుకునే జనం మీద వాటిని వాడారు. అక్కడ ఒక వాడుకరికి క్రోమ్ ఎర్ర తెర చూపించడంతోనే గుట్టు బయటపడింది. ఆ తరవాత నెల తిరక్కముందే ఆ సంస్థ దివాలా తీసింది. హెచ్చరిక పనికిరాని చాదస్తం కాదనడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు. అయితే ఆ సర్టిఫికెట్లలో తారీఖు తప్పు లేదు. దొంగ ఎప్పుడూ తారీఖు సరిగ్గానే వేసుకొస్తాడు. ఇవాళ మోసపు బ్యాంకు సైట్లకు కూడా ఉచిత సర్టిఫికెట్టు నిమిషాల్లో దొరుకుతుంది, క్రోమ్‌లో వాటికీ తాళం గుర్తు పడేది. తాళం కనిపిస్తే నిజాయతీ అని జనం పొరబడుతున్నారనే 2023 సెప్టెంబరులో క్రోమ్ ఆ తాళం బొమ్మనే తీసేసింది.

ఇక ‘అడ్వాన్స్‌డ్, ప్రొసీడ్’ సంగతి. నా మట్టుకు షరతులతో ఒప్పుకుంటాను. చూడ్డానికి మాత్రమే పోతున్నామా, బూడిదరంగు మాట ‘డేట్’ అనే ఉందా, మన గడియారం సరిగ్గా ఉందా, సొంత డేటా మీద ఉన్నామా, గడువు తీరి రోజులా సంవత్సరాలా అని చూసుకోవాలి. రోజులే అయితే నొక్కి, నాణెం చూసి రావచ్చు. ఆ పేజీలో పాస్‌వర్డు కొట్టకూడదు, ఫోను నంబరు ఇవ్వకూడదు, ‘కేటలాగు ప్రోగ్రాము’ అని ఏదైనా దింపుకోమంటే దింపుకోకూడదు. ఇంకో సంగతి, ఒకసారి ఒప్పుకుంటే క్రోమ్ ఆ మినహాయింపును వారం పాటు గుర్తుపెట్టుకుంటుంది. ఆ వారంలో అదే సర్టిఫికెట్టుతో ఆ సైటు తెరిస్తే అది మళ్లీ ఎర్ర తెర చూపించదు.

కొన్ని సైట్లలో ప్రొసీడ్ మీటే కనిపించదు. ఆ సైటు ముందే “నన్ను తాళం లేకుండా ఎవరూ తెరవకండి” అని బ్రౌజరుకు చెప్పి పెట్టిందన్నమాట. 2012లో ప్రమాణంగా వచ్చిన ఏర్పాటు ఇది. 2018 డిసెంబరు చివర అమెరికా ప్రభుత్వం బడ్జెట్ గొడవతో మూతపడినప్పుడు, సర్టిఫికెట్లు మార్చేవాళ్లు లేక 80కి పైగా ప్రభుత్వ సర్టిఫికెట్లు గడువు తీరాయి. వాటిలో ఇలాంటి ఒట్టు పెట్టుకున్న సైట్లు మామూలు మనిషికి అసలు తెరుచుకోలేదు. క్రోమ్‌లో ఆ గోడను కూడా దాటించే ఒక రహస్య పదబంధం టైపు చేయొచ్చని యూట్యూబులో చెప్తుంటారు. అది ప్రోగ్రామర్లు తమ సొంత సర్వర్లను పరీక్షించుకోవడానికి పెట్టుకున్నది. సైటు యజమాని తానే గొళ్లెం వేసిన చోట మనం కిటికీ ఎందుకు వెతకాలి?

పాత ఫోన్ల కథ వేరు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2015 డిసెంబరులో ఉచిత సర్టిఫికెట్లను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. ఏటా కట్టాల్సిన డబ్బుకు జడిసి తాళం జోలికి పోని అభిరుచి సైట్లకు అది వరమైంది. 2018 జులైలో తాళం లేని ప్రతి సైటుకూ క్రోమ్ ‘నాట్ సెక్యూర్’ ముద్ర వేయడం మొదలుపెట్టాక మిగిలినవాళ్లూ అటే పోయారు. ఈ సంస్థ మొదట ఆసరాగా పట్టుకున్న పాత వేరు 2021 సెప్టెంబరు 30న గడువు తీరింది. ఆండ్రాయిడ్ 7.1 కన్నా పాత ఫోన్లు అప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో 33.8 శాతం ఉన్నాయని సంస్థ 2020 నవంబరులో చెప్పింది. వాటికోసం తాత్కాలిక ఏర్పాటు ఒకటి చేసి 2024 సెప్టెంబరు దాకా నెట్టుకొచ్చారు. ఆ తరవాత అలాంటి ఫోనులో సైటు ఎర్రబడితే దాని మీద ‘డేట్’ అని ఉండదు, ‘అథారిటీ’ అని ఉంటుంది. తప్పు సైటుదీ కాదు, దొంగదీ కాదు, ఫోను వయసుది. తన నమ్మకస్తుల జాబితాను తనతోనే మోసే ఫైర్‌ఫాక్స్ వేసుకోమని లెట్స్ ఎన్‌క్రిప్టే అప్పట్లో సలహా ఇచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఎర్ర తెర మీద చిరునామా పక్కనున్న గుర్తు నొక్కి, సర్టిఫికెట్ వివరాలు తెరిచి చూడండి. నాలుగు వరసలు చదివితే చాలు. ‘ఇష్యూడ్ టు’ దగ్గర సైటు పేరు సరిగ్గా ఉందా చూడాలి. ‘ఇష్యూడ్ బై’ దగ్గర లెట్స్ ఎన్‌క్రిప్ట్ అని, దాంతోపాటు ఆర్10, ఈ5 లాంటి పొట్టి పేరు ఉండవచ్చు. తరవాత మొదలైన తారీఖు, ముగిసిన తారీఖు. రెండింటికీ మధ్య 90 రోజులుంటే ఆ సైటులో మార్పు యంత్రమే చేస్తూ ఉండాలి, మనిషి మూడు నెలలకోసారి కూర్చుని చేయడం అరుదు. అంటే ఆ యంత్రం ఎక్కడో ఆగింది. ఏడాది పైచిలుకు ఉంటే యజమాని డబ్బు పెట్టి కొన్నది, ఈసారి కొనలేదు లేదా మరిచాడు.

దీన్ని ఇంకో మెట్టు ముందుకు తీసుకుపోవచ్చు. ఇవాళ జారీ అయ్యే దాదాపు ప్రతి సర్టిఫికెట్టూ బహిరంగ చిట్టాల్లో నమోదవుతుంది. సీఆర్‌టీ డాట్ ఎస్‌హెచ్ అనే పేజీలో సైటు పేరు కొడితే ఆ చిట్టా మొత్తం తారీఖులతో వస్తుంది. అక్కడ గత నెలలో కొత్త సర్టిఫికెట్టు జారీ అయినట్టు కనిపిస్తే సంతోషించాల్సిందే. కొత్తది సర్వరు దాకా వచ్చి ఉంటుంది, వెబ్ సర్వరును ఒకసారి రీలోడ్ చేయక పాతదే చూపిస్తూ ఉండవచ్చు. ఇది ఎంత మామూలు లోపమంటే, సైట్లు నడిపేవాళ్లకు చెప్తే చాలు, నాలుక కరుచుకుంటారు. ఒక ఈమెయిలు పంపితే పది నిమిషాల పని. చిట్టాలో చివరి నమోదు ఏడాది కిందటిదై, అంతకుముందు ప్రతి రెండు నెలలకూ ఒకటి చొప్పున వరస తప్పకుండా ఉంటే మాత్రం పరిస్థితి వేరు. అక్కడ ఏదో జరిగింది. యజమానికి ఆరోగ్యం బాగాలేకపోవచ్చు, హోస్టింగు మారిందేమో, ఆసక్తి చచ్చిందేమో, మనిషే లేడేమో.

అలాంటి సైటులో భయపడాల్సింది తారీఖుకు కాదు. చూసుకునేవాడు లేని సర్వరులో పాత వర్డ్‌ప్రెస్, పాత ప్లగిన్లు అలాగే పడి ఉంటాయి. వాటిలోకి చొరబడిన వాళ్లు పేజీలో చెత్త కలుపుతారు. సర్టిఫికెట్టు తాజాగా ఉన్నా ఆ చెత్తను అది ఆపదు, ఎన్‌క్రిప్ట్ చేసి మరీ మన దాకా భద్రంగా తెస్తుంది. కాబట్టి ‘ఎన్నాళ్ల కిందట తీరింది’ అన్న ప్రశ్నకు ఇంత విలువ. సర్టిఫికెట్టు తీరి ఏడాదైతే మిగతా మరమ్మతులు కూడా ఏడాదిగా ఆగిపోయి ఉంటాయి. అక్కడ అడ్వాన్స్‌డ్ నొక్కడానికి నేను ఒప్పుకోను.

మరిచిపోవడం చిన్నవాళ్ల జబ్బే కాదు. 2018 డిసెంబరు 6న ఎరిక్‌సన్ సాఫ్ట్‌వేరులో ఒక సర్టిఫికెట్టు గడువు తీరి, బ్రిటన్‌లో ఓ2 కంపెనీ ఖాతాదారులు మూడు కోట్ల మందికి పైగా మొబైల్ డేటా లేక కూర్చున్నారు. 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్ట్ టీమ్స్ అదే కారణంతో పడుకుంది. వాళ్లకు జీతగాళ్లున్నారు, గంటల్లో లేపారు. నాణేల సైటును లేపేవాడు ఒక్కడే. ఆ ఒక్కడికి గుర్తుచేసే ఏర్పాటు కూడా తగ్గింది. గడువు దగ్గరపడుతోందని లెట్స్ ఎన్‌క్రిప్ట్ పంపే ఈమెయిళ్లు 2025 జూన్ 4తో ఆగిపోయాయి. కోట్ల సర్టిఫికెట్లకు ఉత్తరాలు రాయడం దానికి భారమే, చాలామందికి యంత్రమే మారుస్తోంది కూడా. 47 రోజుల నిర్ణయాన్ని భద్రత వైపు నుంచి తప్పుపట్టలేను. కానీ దాని తొలి దెబ్బ బ్యాంకుల మీద పడదు, వాటికి మనుషులున్నారు, యంత్రాలున్నాయి. చేత్తో నెట్టుకొస్తున్న చిన్న సైట్ల మీద పడుతుంది.

తెలుగు పాఠకులకు సైట్లు ఇలా మాయమవడం కొత్తకాదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి చొరవతో నడిచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేల తెలుగు పుస్తకాలు స్కానై ఉండేవి. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో ఒక సర్వరు, బెంగళూరు వైపు మరొకటి. తెరుచుకుంటే తెరుచుకునేవి, లేకపోతే లేదు. చివరికి ఆ చిరునామాలు ఆగిపోయాయి. ఇవాళ అవే పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవులో ‘ఇన్ ఎర్నెట్ డీఎల్ఐ’ అనే ఇంటిపేరుతో దొరుకుతున్నాయంటే, చిరునామాలు చచ్చేలోపే ఎవరో ఓపికగా దించి ఎక్కించారు గనక. అభిరుచి సైటుకు అలాంటివాళ్లు దొరకాలంటే మనమే కావాలి. ఆర్కైవును కూడా గుడ్డిగా నమ్ముకోలేం. 2024 అక్టోబరులో దాని మీద సైబరు దాడి జరిగి, సైట్ల పాత నకళ్లు దాచే దాని వేబ్యాక్ మెషీన్ కొన్ని రోజులు పనిచేయలేదు.

అయినా ఎర్ర తెర ముందు నిలబడ్డ నాణేల మనిషికి నేను చెప్పే మొదటి దారి ప్రొసీడ్ కాదు, వేబ్యాక్. సైటు చిరునామా అక్కడ కొడితే పాత నకలు వస్తుంది, అది ఆర్కైవు తాళంతోనే వస్తుంది, గొడవ లేదు. నూటికి నూరు పేజీలు ఉండవు. ముఖ్యంగా బొమ్మ మీద నొక్కితే పెద్దదిగా తెరుచుకునే సైట్లలో వేబ్యాక్ చిన్న బొమ్మను పట్టుకుని పెద్దదాన్ని వదిలేయడం మామూలే. పోతదో కాదో తేల్చేది ఆ పెద్ద బొమ్మే. అంచు దగ్గర ముద్ర జారిందా, లక్ష్మణుడి విల్లు గీత పదునుగా ఉందా, బుడిపెలు బుడగల్లా ఉబ్బి ఉన్నాయా అన్నది చిన్న బొమ్మలో కనిపించదు.

అందుకని సైటు బతికుండగా చేయాల్సిన పని ఒకటుంది. డొమైన్ పేరు గడువు ఎప్పుడో, అలాంటి పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ లుకప్ పేజీలో ఎవరైనా చూడొచ్చు. 2018 తరవాత యజమానుల పేర్లు చాలావరకు దాచేశారు గానీ గడువు తారీఖు దాచలేదు. డాట్ కామ్, డాట్ ఆర్గ్ పేర్లయితే గడువు తీరగానే పోవు. కొనసాగింపు వ్యవధి 45 రోజుల దాకా ఉండొచ్చు, తరవాత విడిపించుకోవడానికి 30 రోజులు, ఆపైన 5 రోజులకు పేరు వదిలేస్తారు. వదిలేసిన పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు, దానిమీద సరికొత్త సర్టిఫికెట్టు తెచ్చుకోవచ్చు. అప్పుడు ఎర్ర తెర ఉండదు, పేరు కలుస్తుంది, తారీఖు బాగుంటుంది, లోపల మాత్రం నాణేల బదులు జూదం పేజీ ఉంటుంది. సర్టిఫికెట్టు తీరిన సైటు కనిపించిన రోజునే యజమానికి ఒక మెయిలు, డొమైన్ గడువు మీద ఒక చూపు, పెనుకొండ నాణేలున్న పేజీలు వేబ్యాక్‌లోకి ఒక్కొక్కటిగా. పెద్ద బొమ్మల చిరునామాలు విడిగా ఇచ్చి మరీ పంపాలి. తూకం, కొలత, లిపి పాఠం ఉన్న వరసలు బొమ్మ పక్కనే ఉన్నాయో లేదో చూసుకోవాలి. తూకం లేని వరహా బొమ్మతో అసలునూ నకలునూ తేల్చలేం.